ఏడు వందల మిల్లీ ఆయకట్టు

చెంగల్రాయన్ అన్నకు రెండు కిడ్నీలూ పనిచేయడం మానేసిన ఏడాదికి, ఆయన కొడుకు గుణశేఖర్ పనిమీద నెల్లూరు పోయి వస్తూ ఒక పుస్తకం తెచ్చాడు. పేరున్న సినిమా హీరో తన జబ్బు గురించి తనే రాసుకున్న పుస్తకం. ఆ హీరోకూ కిడ్నీలే పోయాయి. మూడేళ్ళు డయాలసిస్ మీద ఉండి, ఆ మధ్యలో రెండు సినిమాలు కూడా చేశాడట. అట్ట మీద తెల్ల చొక్కాలో నవ్వుతూ ఉన్నాడు. పుస్తకం తెలుగులో ఉంది. ఒర్లియంపేటలోని వాళ్ళింట్లో అందరూ మాట్లాడేది తెలుగే గానీ చదవడం ఒక్కరికీ రాదు. ఇక్కడ బడులన్నీ తమిళంవే, చదువంతా అరవంలోనే సాగింది. అందుకని పుస్తకం నా దగ్గరికి వచ్చింది.

నాది అదే వీధి మొదట్లో మోటార్లు చుట్టే అంగడి. కాలిపోయిన పంపుసెట్ల మోటార్లకు కొత్త రాగితీగ చుట్టి ఇస్తాను. ఈ పని నాకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. నెల్లూరు మేస్త్రీ ఒకాయన ఇక్కడ అంగడి ఎత్తేసి పోతూ తన నోటుబుక్కు వదిలేసి పోయాడు. ఏ మోటారుకు ఎన్ని చుట్లు, ఏ గేజి తీగ అన్నీ అందులో తెలుగులో రాసి ఉన్నాయి. ఆ లెక్కల కోసం అక్షరాలు నేర్చుకున్నాను. ఒక పుస్తకం నుంచి నేను ఆశించేది ఇప్పటికీ అదే, చుట్లెన్నో చెప్పాలి.

చెంగల్రాయన్ అన్న గురించి చెప్పాలి. బాహూరు చెరువు కింద ఒక కాలువకు ఆయన ముప్పై రెండేళ్ళు నీరుగట్టి. తూము ఎత్తాక కాలువలోకి వచ్చిన నీళ్ళను వంతుల ప్రకారం ఒక్కో మడికీ కట్టే మనిషి. కాలువ గట్టు తెరిచి మడిలోకి నీళ్ళు వదిలే చోటును మడవ అంటారు. ఆయన కాలువ మీద అలాంటివి నలభై ఒకటి. చేతిలో ఒక పార తప్ప ఇంకే సాధనమూ ఉండేది కాదు. వాచీ కట్టేవాడు కాదు. తన నీడను తన అడుగులతో కొలిచి, ఎవరి వంతు ఎప్పుడు అయిపోయిందో చెప్పేవాడు. అక్కడ పంపు బాగుచేయడానికి పోయినప్పుడు ఒకసారి నా వాచీతో సరిచూశాను. రెండు నిమిషాల తేడా వచ్చింది. నా వాచీయే రెండు నిమిషాలు వెనక నడుస్తోందని మరునాడు రేడియో పెట్టాక తెలిసింది.

వానలు చాలని ఏడాది ఆ కాలువ మీద ఒక కట్టుబాటు ఉండేది. నీళ్ళు ముందు కడమడవకు, అంటే కాలువ చిట్టచివరి మడికి పోవాలి. పైవాళ్ళ వంతులు ఆ తర్వాతే. తలదగ్గరి మడులకు ముందు కడితే చివరికి చేరేది తడి మాత్రమే, నీళ్ళు కావు. మొదటి మడి హరిహరన్ అనే పెద్ద భూస్వామిది. చివరి మడి జయంతమ్మ అనే ఒంటరి మనిషిది. హరిహరన్ కారులో వచ్చి గట్టు మీద నిలబడి బతిమాలడం నేను చూశాను.

"ఒక్క పావుగంట వదులు చెంగల్రాయా. ఎవరు చూస్తా ఉండారు?"

"నేను చూస్తా ఉండాను గదా సామీ."

అంతే. మడవ మీద పార అడ్డం పెట్టుకుని కూర్చుని, బీడీ ముట్టించుకున్నాడు. గొంతు పెంచలేదు, వెటకారమూ చేయలేదు. హరిహరన్ కారు తలుపు గట్టిగా వేసుకుని పోయాడు. ముప్పై రెండేళ్ళలో ఆయన చేత వంతు తప్పించినవాళ్ళు లేరని ఆ ఆయకట్టులో ఎవరిని అడిగినా చెబుతారు.

అలాంటి మనిషికి రోజుకు ఏడు వందల మిల్లీలీటర్లే తాగాలని డాక్టరమ్మ గీత గీసింది. కిడ్నీలు పోయినవాళ్ళకు ఒంట్లోకి పోయిన నీళ్ళు బయటికి రావు. వారానికి మూడుసార్లు, సోమ, బుధ, శుక్రవారాల్లో, మిషను వాటిని తోడేస్తుంది. ఈలోగా ఎక్కువైతే కాళ్ళు వాస్తాయి, తర్వాత ఊపిరితిత్తుల్లోకి చేరతాయి. శుక్రవారం నుంచి సోమవారం దాకా ఎడం ఎక్కువ. డయాలసిస్ కోసమే భార్యాభర్తలు బాహూరు నుంచి కొడుకు దగ్గరికి వచ్చేశారు.

మార్చిలో ఒక ఆదివారం ఆయనకు ఊపిరి ఆడక ఆటోలో తీసుకుపోయాం. ఏప్రిల్ మొదట్లో ఇంకోసారి. రెండోసారి డాక్టరమ్మ గుణశేఖర్‌ను పక్కకు పిలవలేదు. చెంగల్రాయన్ అన్న మొహం మీదనే చెప్పింది. గుండె బలహీనపడింది, మూడోసారి ఇలా వస్తే తను మాట ఇవ్వలేనంది. బయట అప్పటికే ఎండ కాలుస్తోంది. మే నెలలో కత్తిరి ఎండలు ఇరవై అయిదు రోజులు. అవి దాటాలి. ఆయన ముందున్న పని అదొక్కటే.

"నేను కావాలని తాగతా ఉండానా ముకుందా?" అన్నాడు నాతో, ఆస్పత్రి నుంచి వచ్చిన మర్నాడు. "వద్దు వద్దు అనుకుంటానే ఉంటాను. చెయ్యి నీళ్ళ సొంబు కాడికి పోయుంటాది. నాలిక అంగిట్లో అతుక్కోని, మాట గూడా రాదు. ఇది ఆకలి మాదిరి గాదప్పా. ఆకలి కొంచేపు అరిచి నిద్రబోతాది. ఇది నిద్రబోదు."

అందుకే ఆ పుస్తకం మీద అంత ఆశ. "మనకంటే ముందు ఆ దోవన పోయిన మనిషి గదా. లైట్ల కింద నిలబడి డాన్సు గూడా ఏసినాడు. దాహానికి ఏం జేసినాడో చెప్పుంటాడు" అన్నాడు.

డయాలసిస్ లేని రోజుల్లో మధ్యాహ్నం మూడింటికి అంగడికి వచ్చి బల్ల మీద కూర్చునేవాడు. ఆయనకు దాహం మరీ ఎక్కువయ్యే వేళ అది. నేను పని పక్కన పెట్టి గంటసేపు చదివేవాణ్ణి. ఆయన భార్య పంకజం వదిన కూడా వచ్చి, గుమ్మంలో ముడుచుకుని కూర్చుని వినేది.

మొదటి అధ్యాయంలో చీకటి. రెండో అధ్యాయంలో ఆ చీకటిలో ఒక దీపం. తర్వాత అభిమానులు చేసిన పూజలు, పొర్లుదండాలు. తర్వాత విదేశీ ఆస్పత్రి కిటికీలోంచి కనిపించిన మంచు. జబ్బు తనకు గురువని, జబ్బుకు తను రుణపడి ఉన్నానని నలభై పేజీలు.

"దాహం ఎప్పుడొస్తాది?" అని అడిగేవాడు అన్న, సినిమాలో ఫైటు ఎప్పుడొస్తుందని అడిగినట్టు.

"వస్తాదిలేన్నా. ఇప్పుడే గదా మంచు పడతా ఉండేది."

"ఆ మంచునన్నా నోట్లో ఏసుకున్నాడా, చూడు."

వేసుకోలేదు. మంచును చూసి జీవితం ఎంత క్షణికమో తెలుసుకున్నాడు.

ఎనిమిదో రోజున నూట డెబ్బయ్యో పేజీలో ఒక వాక్యం వచ్చింది. మెల్లగా చదివాను. "నీళ్ళు కూడా కొలుచుకుని తాగవలసి వచ్చేది, అయినా మనోబలం ముందు దాహమెంత?" ఆ తర్వాత పేరా మారిపోయి, అమ్మ ప్రేమ మొదలైంది.

అన్న బల్ల మీద ముందుకు జరిగాడు. "మళ్ళీ చదువు" అన్నాడు. చదివాను.

"మనోబలమంటే ఎన్ని మిల్లీ?"

పంకజం వదిన చీర చెంగు నోటికడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఆ హీరో అబద్ధం రాశాడని అనను. ఆయన పడ్డ బాధ ఆయన పడ్డాడు, తన మాటల్లో చెప్పుకున్నాడు. కానీ మూడేళ్ళు దాహాన్ని కాచుకున్న మనిషికి అదెలా చేయాలో తప్పకుండా తెలిసి ఉంటుంది. ఏ పూట ఎంత తాగాడు, నోరెండితే ఏం చేశాడు, ఏ రోజు తప్పాడు. ఆ పనితనం అంతా వదిలేసి, మూడు వందల పన్నెండు పేజీలు తన మనసు గురించి రాశాడు. కాలిన మోటారు గురించి అంత రాసి, చుట్లు చెప్పకుండా వదిలేసినట్టుంది.

"చాలించేద్దామా అన్నా?" అన్నాను.

"ఏంది చాలించేది, తెచ్చినాడు గదా అబ్బాయి. కడదాకా చదువు" అన్నాడు.

చదివాను. మరో రెండు రోజులకు, ఆ విదేశీ ఆస్పత్రిలో తనకు పెట్టిన తిండి గురించి హీరో ఒక పేజీ రాసిన చోటికి వచ్చాం. పొద్దున గంజి, పదకొండింటికి సూపు, సాయంత్రం పండ్లు. నర్సు ఎంత ప్రేమగా తెచ్చేదో అని. అన్న చెయ్యి ఎత్తి నన్ను ఆపాడు.

"సూపంటే నీళ్ళే గదా?"

"నీళ్ళే."

"గంజి?"

"అదీ నీళ్ళే గదన్నా."

ఆయన భార్య వైపు తిరిగాడు. "నిన్న నేనేమేం తిన్న్యానే?"

పంకజం వదిన వేళ్ళు మడుస్తూ చెప్పింది. పొద్దున రాగి కూళు, అంటే పలచటి రాగి జావ. మధ్యాహ్నం రసం పోసుకున్న అన్నం, పలచటి మజ్జిగ. సాయంత్రం రెండు పుచ్చకాయ ముక్కలు. ఆమె చెబుతూ ఉంటే ఆయన మొహం మారిపోయింది. ఏడాదిగా ఆయన సొంబుతో తాగిన నీళ్ళనే లెక్కపెట్టాడు. కంచంలో వచ్చినవి లెక్కలోకే రాలేదు.

"ఊట" అన్నాడు. "కాలువలో పోయేది కొలుస్తా, గట్టు కింద నించి ఊరేది ఇడిచిపెట్టేసినా. ముప్పై రెండేండ్లు నీరుగట్టినని చెప్పుకుంటా ఉండాను. సిగ్గు లేదా నాకు."

చాలా రోజుల తర్వాత ఆయన నవ్వడం అప్పుడే చూశాను. ఆ హీరోకు ఎప్పటికీ తెలియదు గానీ, మాకు పనికొచ్చిన ఒకే ఒక్క పేజీ ఆయన సూపు గురించి రాసింది.

మర్నాటి నుంచి ఆయన చేసిన పని నేను దగ్గరుండి చూశాను. పంకజం వదిన రసం, మజ్జిగ, కూర పులుసు అన్నీ మందు సీసాతో వచ్చే గీతల కప్పుతో కొలిచి వడ్డించేది. రెండు రోజులు కొలిచాక ఊట ఎంతో తేలింది. దాన్ని ఏడు వందల్లోంచి తీసేశాడు. పలచనివన్నీ మాన్పించాడు. తర్వాత ఉప్పు తగ్గించాడు. ఉప్పు తింటే దాహం పెరుగుతుందని డాక్టరమ్మ పదిసార్లు చెప్పింది, ఆయన పదిసార్లూ తలూపాడు. ఇప్పుడు తనంతట తనే వదినకు వివరించాడు.

"చౌడు నేలకు ఎంత కట్టినా తాగతానే ఉంటాది. ముందు చౌడు తియ్యల్ల, తరవాతే నీళ్ళు."

"నేను చెబితే ఏడాదిగా చప్పిడి కూడు, చప్పిడి కూడు అని కంచం తోసినారే."

"నువ్వు ఉప్పని చెప్పినావు. చౌడని చెప్పుంటే అప్పుడే అర్థమయ్యుండు."

మిగిలిన నీళ్ళను పగలూ రాత్రీ కలిపి ఏడు వంతులు చేశాడు. వంతుకో చిన్న స్టీలు గిన్నె, వాటి మీద మూతలు, వంటగది అరలో వరుసగా. పొద్దున లేవగానే ముందుగా రాత్రి గిన్నెను నింపి, దాన్ని అన్నిటికంటే వెనక పెట్టేవాడు. కడమడవకు ముందు. తర్వాతే మిగతా ఆరు.

ఇక్కడిదాకా అయితే అది తెలివైన మనిషి చేసే ఏర్పాటు. నేను నోరెళ్ళబెట్టింది దాని తర్వాత చేసినదానికి. ఆయన ఆ గిన్నెలకు మనుషుల పేర్లు పెట్టాడు. పొద్దున ఏడు గంటల గిన్నె హరిహరన్‌ది. రాత్రి గిన్నె జయంతమ్మది. మధ్యలో అయిదుగురు పాత రైతులు. ఎందుకని అడిగాను.

"నాకు నేను లేదని చెప్పుకోలేను ముకుందా, ఏడాదిగా చూస్తిని గదా. ఇంగొకరికైతే చెప్పగలను. ఎంత పెద్దోడికైనా చెప్పగలను."

తనకున్న ఒకే ఒక్క గొప్ప విద్యను ఆయన అలా తన మీదికి తిప్పుకున్నాడు. నేను పుస్తకాల్లో చదివిన ధైర్యం గురించిన ఏ మాటా దానికి సరితూగదు. పొద్దున ఏడున్నరకు వాళ్ళింటి ముందు నుంచి పోతుంటే లోపలి నుంచి వినిపించేది.

"నీ వంతు అయిపోయింది సామీ. పో. కారులో వచ్చినా అంతే."

పంకజం వదిన గుమ్మం కడుగుతూ నన్ను చూసి, "మీ అన్న పొద్దున్నే భూస్వాములతో జగడం పెట్టుకున్నాడు" అనేది.

కత్తిరి మొదలైంది. వీధిలో కుక్కలు మురుగు కాలువల్లో పడుకున్నాయి. నా అంగడిలో వార్నిష్ డబ్బా ముట్టుకుంటే కాలింది. నేనే రోజుకు ఆరేడు సీసాలు తాగుతున్నాను. తాగే ప్రతిసారీ ఆయన గిన్నెలు గుర్తొచ్చి, గోడవైపు తిరిగి తాగేవాణ్ణి.

కత్తిరిలో రెండో ఆదివారం, మధ్యాహ్నం నాలుగింటికి వాళ్ళింటికి పోయాను. పొద్దుటి నుంచీ కరెంటు లేదు. గాలి ఆడడం లేదు. అన్న వంటగదిలో నేల మీద కూర్చుని ఉన్నాడు. పెదవులు తెల్లగా చిట్లి ఉన్నాయి. ఆ వేళ దాకా వంతులన్నీ అయిపోయాయి, తర్వాతిది ఆరింటికి. ఆయన చేతిలో వెనకాలి గిన్నె ఉంది. మూత తీసి ఉంది.

పంకజం వదిన గోడకు ఆనుకుని నిలబడింది. ఆ గిన్నె తాగితే రాత్రి ఏమవుతుందో ముగ్గురికీ తెలుసు. రాత్రి ఆగలేక సొంబు ఎత్తుతాడు. తెల్లారితే సోమవారం, ఆ లోపలే మూడోసారి ఆటో పిలవాల్సి రావచ్చు. అయినా నేను తట్టుకోలేకపోయాను.

"ఒక్క గుటక తాగన్నా. ఒక్క గుటకకు ఏమీ కాదు."

ఆయన నా వైపు చూడలేదు. గిన్నెలో నీళ్ళనే చూస్తున్నాడు.

"ఇది నాది కాదప్పా" అన్నాడు. నాలుక అతుక్కుపోయి మాట ముద్దగా వచ్చింది. "జయంతమ్మది."

"జయంతమ్మ పోయి పదేండ్లయింది గదన్నా."

"మడి ఉండాది గదా."

మూత పెట్టాడు. లేవడానికి గోడ పట్టుకున్నాడు. నేను చెయ్యి ఇవ్వబోతే వద్దన్నాడు. గిన్నెను అరలో దాని చోట, అన్నిటికీ వెనక పెట్టాడు. తడిగుడ్డ తీసుకుని పెదవులు, మెడ తుడుచుకుని, పోయి వాకిట్లో కూర్చున్నాడు. ఆరింటిదాకా అక్కడి నుంచి లేవలేదు. నా చేతులతో ముప్పై ఏళ్ళుగా పని చేస్తున్నాను, మంచి పనివాళ్ళను చూశాను. ఒక మూత పెట్టడం అంత పెద్ద పని కావడం నేను ఇంకెక్కడా చూడలేదు.

మర్నాడు పొద్దున నా బండి మీదనే ఆస్పత్రికి తీసుకుపోయాను. మిషను ఎక్కించేముందు బరువు చూస్తారు. వెనకటి సోమవారాల్లో ఆయన నాలుగు కిలోలు, నాలుగున్నర కిలోలు నీళ్ళతో వచ్చేవాడు. ఆ రోజు తూకం ముల్లు చూసి నర్సు సరణ్య ఆయన్ను దిగమంది. మళ్ళీ ఎక్కమంది. ఆ తర్వాత ఆయన్ను పక్కన నిలబెట్టి తను ఎక్కి చూసుకుంది.

"తూకం మిషన్ సరిగానే ఉంది" అంది అరవంలో, తనకు తనే చెప్పుకున్నట్టు. "కిలో ఎనిమిది వందలే. ఈ ఎండలో ఎలా అయ్యా?"

ఆయన సిగ్గుపడ్డాడు. "కొంజం చూసుకున్యామమ్మా" అన్నాడు.

కత్తిరి వెళ్ళిపోయింది. మూడోసారి ఆటో పిలవలేదు. మే ఆఖరు వారంలో డాక్టరమ్మ ఆయన గుండె స్కాను చూసి, గీసిన గీత అలాగే ఉంచమంది. అంతకంటే మంచి మాట ఆమె చెప్పదని మాకు తెలుసు.

సరణ్య మాత్రం ఊరుకోలేదు, ఆరా తీసి మొత్తం తెలుసుకుంది. జూన్‌లో ఒక బుధవారం నేను ఆయన్ను దించడానికి పోయినప్పుడు, డయాలసిస్ గది బయట బల్ల మీద ముని అనే కుర్రవాడి పక్కన ఆయన్ను కూర్చోబెట్టింది. ముని సోలై నగర్‌లో చేపలకు ఐసు తెచ్చే వ్యాను నడుపుతాడు. వాళ్ళింట్లోనూ తెలుగే. మిషను మీదికి వచ్చి రెండు నెలలు. కాళ్ళు చెప్పుల్లో పట్టడం లేదు.

"పెద్దాయనా, ఏ గిన్నెలో ఎంత పోస్తారో చెప్పండి, రాసుకుంటాను" అని ఫోను తీశాడు ముని.

"నా కొలత నీకు పనికిరాదు నాయనా. నీ నేల వేరే. ముందు ఒగటి చెప్పు. పొద్దున నించి తెల్లారేదాకా, నోరు ఎక్కువగా ఎండేది నీకు ఏ పొద్దులో?"

ముని ఏదో చెప్పబోయి ఆగిపోయాడు. ఆ మాట అతన్ని అంతవరకూ ఎవరూ అడగలేదనుకుంటాను. ఫోను ఒళ్ళో పెట్టుకుని, నేలకేసి చూస్తూ ఒక్కో గంటనూ వెతుక్కుంటున్నాడు. లోపలి నుంచి సరణ్య చెంగల్రాయన్ అన్న పేరు పిలిచింది. ఆయన లేవలేదు, చెయ్యి ఎత్తి ఆగమన్నాడు.

"ఐసు దించినాక" అన్నాడు ముని చివరికి. "పదకొండింటికి. చేతులంతా తడి ఉంటాది, ఐసు కరిగి కాళ్ళ మింద పారతా ఉంటాది. అప్పుడు నేను మనిషినే గాదు."

"సరి. రేపు పొద్దున లేస్తానే ఆ పదకొండు గంటలది ముందు కట్టి పక్కన పెట్టు. మిగిలింది ఎంతో కొలుచుకోనొచ్చి శుక్రవారం నాకు చెప్పు, చూస్తాము" అని, చెంగల్రాయన్ అన్న చొక్కా చెయ్యి మడుచుకుంటూ లోపలికి పోయాడు.